పలువురి కన్నులకు ఒకే దృశ్యము
(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రామ లెక్కలు వ్రాసికొనువానికి ఈ విజ్ఞాన విషయమేల యని కొందరు అనుకొనవచ్చును. నేలను లెక్కించువానికి నేలను చూచు విద్యతో పని లేకపోవునా? ఆ విద్యకు పట్టుకొమ్మ యొకటి మన షాద్‌నగర్‌లోనే యున్నది. జాతీయ దూరసంవేదన కేంద్రమువారి ఆంటెన్నాలు ఉపగ్రహములు పంపు చిత్రములను ఇచ్చటనే అందుకొనుచున్నవి. 2005 మే 5వ తేదీన ఎగసిన కార్టోశాట్-1 మన విషయమునకు దగ్గరి చుట్టము. దానికి రెండు కెమెరాలు. ఒకటి ముందునకు 26 డిగ్రీలు, రెండవది వెనుకకు 5 డిగ్రీలు వాలి, సుమారు 618 కిలోమీటర్ల ఎత్తునుండి ఒకే నేలను రెండు చూపులతో చిత్రించినవి.

రెండు చూపులేల? మన కన్నులకు నడుమ సుమారు ఆరున్నర సెంటీమీటర్ల ఎడము గలదు. ఒక్కొక్క కన్ను ఇంచుక వేరైన బొమ్మను చూడగా, మనస్సు రెంటిని కూర్చి లోతును కట్టుకొనును. 1838లో ఇంగ్లండునందు చార్లెస్ వీట్‌స్టన్ అద్దములతో దీనిని నిరూపించెను. రెండు చదును బొమ్మలను చెరియొక కంటికి చూపినచో గుట్ట గుట్టవలె లేచును, చెరువు పల్లమువలె దిగును.

చిక్కెక్కడనగా, వీట్‌స్టన్ యంత్రము ఒక్కరికే పనికివచ్చును. మన జాతరలలో బయస్కోపు పెట్టెవాడు పెట్టెకు నాలుగైదు కన్నములు పెట్టి, తాళము వాయించుచు అందరికి ఒకే బొమ్మ చూపెడివాడు. అందులో లోతు లేదు గనుక తగవును లేదు. పిమ్మట 1984లో మలయాళమున వచ్చి తెలుగున ‘చిన్నారి చేతన’యైన చిత్రమును కళ్లద్దాలు పెట్టుకొని వందలమంది ఒక్కసారి చూచిరి. మూలన కూర్చున్నవానికి బొమ్మ కొంత ఒరిగియే కనబడును. అయినను వాడు కుర్చీ విడిచి నడువడు, తెరలోని వస్తువును వ్రేలితో చూపి నాదనడు. కావున అది సాగిపోయెను.

కంప్యూటరు కల్పించు మాయాదృశ్యములో అట్లు సాగదు. 1992లో చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు గోడలే తెరలుగా ఒక గదిని నిర్మించిరి. అందులో నడచువాని తల ఎటు కదలిన యంత్రము దానిని కనిపెట్టి, ఆ చోటినుండి కనబడవలసినట్లే బొమ్మను మార్చును. అద్భుతమే. అయితే ఒక్కరి తలనే అనుసరించును. ప్రక్కన నిలిచిన తక్కినవారికి ఆ బొమ్మ వాలి, సాగి కనబడును. మొదటివాడు ఈ చెట్టని వ్రేలు చూపిన, రెండవవానికి ఆ వ్రేలు చెట్టు మీద గాక పొరుగు గట్టు మీద పడును. హద్దు తగవులు విన్న చెవులు గలవారికి దీని ప్రమాదమును నేను వివరింప నక్కరలేదు.

ఇక నా వృత్తికి తగిన లెక్క. ఒక్కొక్కరికి రెండు కన్నులు, కన్నొక్కింటికి ఒక బొమ్మ. ఇద్దరికి నాలుగు, ఆర్గురికి పన్నెండు. 1997లో స్టాన్‌ఫర్డువారు ఒక బల్లపై ఇద్దరికి వేర్వేరు చూపులు కల్పించిరి. సెకనుకు 144 బొమ్మలను నాలుగు కన్నులు పంచుకొనగా కంటికి దక్కినవి 36. అంత తక్కువైనచో వెలుగు మినుకుమినుకుమనును. ఉమ్మడి ఆస్తి భాగములైన కొలది చిక్కిపోవునట్లే గదా! 2011లో జర్మనీలోని వైమార్ విశ్వవిద్యాలయమువారు సెకనుకు 360 బొమ్మలు వేయు ప్రొజెక్టర్లు ఆరింటిని కూర్చిరి. కుడి యెడమలను కాంతి ధ్రువణముచేత వేరుచేసి, కాలమును మాత్రము ఆర్గురికి పంచిరి. 360ని 6చే భాగించిన 60. ఆర్గురును ఒకే వస్తువు చుట్టు నిలిచి, ఒకరు చూపిన చోటునే తక్కినవారును చూడగలిగిరి.

భారతమున రెండు ఘట్టములు నాకు తోచుచున్నవి. యుద్ధకాలమున సంజయునికొక్కనికే దివ్యదృష్టి. రాజు వినవలసినదే, అడుగవలసినదే. ఉద్యోగపర్వమున కురుసభలో శ్రీకృష్ణుడు విశ్వరూపము చూపినపుడు భీష్మ, ద్రోణ, విదుర, సంజయులును ఋషులును గూడ చూడగలిగిరి. తక్కిన రాజులు కన్నులు మూసికొనిరి. అందరును సభలోనివారే, చూపు మాత్రము కొందరిదే. తలకు తగిలించుకొను యంత్రములను మనిషికొకటి ఇచ్చినచో ఎవరి చూపు వారికి దక్కును గాని, ఎదుటివాని ముఖము కానరాదు. పంచాయతీకి ముఖములు కావలెను.

ఇది మనకేమి పనియందురా? పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకమునకు 2015లో శంకుస్థాపన జరిగినది. అట్టి పనులలో కట్ట ఎచ్చట వేయవలె, నీరెంతవరకు ప్రాకును, ఎవరి చెలక మునుగును అనునవి నేల వాలును బట్టి తేలును. ఆ వాలు బొమ్మను ఇంజనీరొక్కడు సరిగా చూచి, భూమి పోగొట్టుకొను రైతు ప్రక్కనుండి వంకరగా చూచి తల యూపుట న్యాయము కాదు. కార్టోశాట్-1 చిత్రములో ఒక చుక్క రెండున్నర మీటర్ల నేల. హద్దురాయి అందులో కానరాదు, చెరువు కట్టయు గుట్ట వాలును కానవచ్చును. ఆ చిత్రములనుండి కట్టిన ఎత్తుల పటము భువన్ అను ప్రభుత్వపు వెబ్‌సైటులో ఉచితముగా లభించుచున్నది.

కావున కార్యవర్గమువారికి నాదొక మనవి. ఎరుపు, నీలము కాగితపు కళ్లద్దాలు డజను తెప్పించుడు. చదువు తెలిసిన పిల్లలచేత ఆ పటమునుండి మన వాగు పరీవాహమును రెండు రంగుల జంటబొమ్మగా సిద్ధము చేయించి, ఈ గదిలోని గోడపై చూపింపుడు. వైమార్ యంత్రము మనకు రాదు, ప్రక్కనున్నవానికి బొమ్మ ఒరుగుట తప్పదు. అయినను నియమమొకటి పెట్టుకొందము. ఎవ్వరును వ్రేలితో చూపరాదు. చూపదలచినవారు బొమ్మలోనే, నేలకు ఆనునట్లు, గురుతు పెట్టింపవలెను. బొమ్మ ఒరిగినచో గురుతును దానితోనే ఒరుగును గనుక, ఎచ్చట కూర్చున్నవానికైనను అది ఆ గట్టు మీదనే కనబడును. మొదటి ప్రదర్శనకు వాగు క్రింది రైతులను ముందు వరుసలో కూర్చుండబెట్టుడు.