నిత్యదానము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో రోటరీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున, సేవాసంఘ సభ్యులు క్రమము తప్పక దానము చేయవలసిన ఆవశ్యకతను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను ఆదేశించిరి. లెక్కలు వ్రాసికొనువాడు దానమును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. దానము పుట్టునది మనస్సులోనే. కాని అది నిలిచినదో లేదో తెలియునది చిట్టాలోనే. ఆ ధైర్యముతోనే మీ యెదుట నిలిచితిని.

ఈ భవనపు గోడమీద నొక చలువరాతి పలక యున్నది. నిర్మాణమునకు విరాళము లిచ్చిన పుణ్యాత్ముల పేర్లు దానిపై చెక్కబడియున్నవి. వారే యీయకున్న మనకీ నీడ లేదు. అయితే భవనము నొక్కసారి కట్టుదుము. దీపమును ప్రతి సాయంకాలము వెలిగింపవలెను. పత్రికల బిల్లు నెలనెలా వచ్చును. పుస్తకములకు చెదలు పట్టును, అట్టలు ఊడును. తలుపు తీసి, ఊడ్చి, పుస్తకము లిచ్చి పుచ్చుకొను మనుష్యునికి నెల తిరుగగనే జీతము చెల్లింపవలెను. ఈ ఖర్చులకు చలువరాయి లేదు, ప్రారంభోత్సవము లేదు, పూలదండ లేదు. కాని ఒక సంస్థ బ్రతుకుటయో కృశించుటయో ఈ పేరులేని ఖర్చుల యొద్దనే తేలిపోవును.

మన పెద్దలు ఈ భేదమును బాగుగా నెఱుగుదురు. పురాణములలో దానమును నిత్యము, నైమిత్తికము, కామ్యము మొదలుగా విభజించి చెప్పిరి. ఫలమును కోరి చేయునది కామ్యము. ఒక నిమిత్తమును పురస్కరించుకొని చేయునది నైమిత్తికము. ఏ ఫలమును తలపక దినదినము చేయునది నిత్యము. మన సంఘములలో నేడు పుట్టినరోజులకు, వర్ధంతులకు, వరదలకు, తుపానులకు దానములు జరుగుచున్నవి. అవి మంచివే, మానవలసినవి కావు. కాని అవన్నియు నైమిత్తికములే. నిత్యమను గడి మాత్రము మన పద్దుపుస్తకములలో తరచుగా ఖాళీగా నుండును.

దానమనగానే మనకు కర్ణుడు, బలిచక్రవర్తి, రంతిదేవుడు జ్ఞప్తికి వత్తురు. భారతములోని అశ్వమేధపర్వమున సక్తుప్రస్థుని కథ మీలో చాలమంది వినియుందురు. ఏరుకొన్న గింజలతో జీవించు ఆ పేదవాడు, కఱవు దినములలో దొరికిన కొంచెము పేలపిండిని తాను, భార్య, కొడుకు, కోడలు నాలుగు పాళ్లు చేసికొనగా, అతిథి వచ్చి నలుగురి భాగములను ఆరగించెను. ఆ చోట పొర్లిన ముంగిసకు సగము దేహము బంగారమయ్యెను. మిగిలిన సగముకొరకు అది ధర్మరాజు యాగశాలకు వచ్చి పొర్లినను ప్రయోజనము లేకపోయెను. దానమును ఇచ్చిన మొత్తముతో గాక, ఇచ్చినవానికి మిగిలినదానితో కొలువవలెనని ఆ కథ బోధించుచున్నది.

కాని పెద్దలారా, అట్టి దానము మనవంటి గృహస్థులు ప్రతిదినము చేయజాలరు. చేసినచో మరునాటికి ఇంట పొయ్యి రాజదు. అందుచేతనే పురాణములు మహాత్యాగులను కీర్తించినను, స్మృతులు మాత్రము సామాన్య గృహస్థునకు వేఱొక మార్గము చూపినవి. దినదినము చేయవలసిన పంచమహాయజ్ఞములను మనుస్మృతి విధించినది. అతిథికి, భూతములకు భాగము తీసిన పిమ్మటనే తాను భుజింపవలెను. అందులో వీరత్వమేమియు లేదు. ఉన్నదంతయు వరుస తప్పకుండుటయే. మహాత్యాగము చేయలేనివారమని మనము సిగ్గుపడనక్కఱలేదు. చేయగలిగిన కొంచెమును వరుసగా చేయకుండుటకే సిగ్గుపడవలెను.

ఈ వరుస మన పల్లెలకు క్రొత్తది కాదు. ధనుర్మాసమున తెల్లవారుజామున హరిదాసు చిడతలు వాయించుచు, తలపై అక్షయపాత్రతో వచ్చును. ఆతడు నోరు విప్పి యాచింపడు. ఇంటిలోని పిల్లవాడు దోసిట బియ్యము తెచ్చి, ఆతడు వంగగా పాత్రలో పోయును. ఒక్క యింటి బియ్యముతో ఎవరి కడుపును నిండదు. ఒక్క దినపు బియ్యముతో మాసము గడవదు. అన్ని యిండ్లు, అన్ని దినములు కలిసినప్పుడే అది అక్షయపాత్ర యగును. పైగా, పెద్దలు తమ చేతితో గాక పిల్లలచేత పోయించుటలో ఒక మర్మమున్నది. ఇచ్చుట అలవాటు కావలయునన్న చిన్ననాడే చేయి తిరుగవలెను.

ఇక మన అతిథుల సంస్థ చరిత్రనే చూతము. రోటరీ 1905లో చికాగో నగరమున పాల్ హారిస్ గారిచే స్థాపింపబడినది. 1917లో అట్లాంటాలో జరిగిన మహాసభలో, అప్పటి అధ్యక్షులు ఆర్చ్ క్లంఫ్ గారు లోకమునకు మేలు చేయుటకై ఒక మూలనిధి యుండవలెనని ప్రతిపాదించిరి. మరుసటి సంవత్సరము, అనగా 1918లో, కాన్సాస్ నగరపు క్లబ్బు మొదటి విరాళమిచ్చెను. ఎంతయనుకొనుచున్నారు? 26 డాలర్ల 50 సెంట్లు! 1928లో ఆ నిధికి రోటరీ ఫౌండేషన్ అను పేరు పెట్టునాటికి అది ఇంచుమించు 5,000 డాలర్లకు చేరెను. పదేండ్లకు అంత స్వల్పమొత్తమే చేరినను వారు ఆ చిట్టాను మూసివేయలేదు. 1947లో పాల్ హారిస్ గారు మరణించినప్పుడు ఆయన స్మృత్యర్థము విరాళములు వెల్లువగా వచ్చినవి. ఆ సంవత్సరమే 18 మంది విద్యార్థులను పరదేశ విద్యకు పంపగలిగిరి. ఆ వెల్లువ వచ్చి చేరుటకు ముప్పది యేండ్లుగా నిలిచిన చెరువొకటి యుండెనని మనము గమనింపవలెను. చెరువు లేనిచోట వాన కురిసినను నీరు వాగులపాలే.

ఆ నిధి నడచు తీరును లెక్కలవానిగా నేను చాల మెచ్చుకొందును. సభ్యులు వార్షిక నిధికి ఇచ్చిన ధనమును వెంటనే ఖర్చు పెట్టరు. మూడేండ్లు పెట్టుబడిలో నుంచుదురు. తరువాత అందులో ఇంచుమించు సగము ఇచ్చిన జిల్లా ఆధీనమునకే తిరిగి వచ్చును. తక్కిన సగము ప్రపంచ నిధిలో చేరును. అనగా ఈ యేడు మీ జిల్లాలోని రోటరీవారు ఒక బడికి త్రాగునీరు ఏర్పఱచినను, ఒక ఆసుపత్రికి యంత్రమిచ్చినను, అది మూడేండ్ల క్రిందటి సభ్యుల చేతి చలువయే. ఈ యేడు మనము చేయి ముడిచికొన్నచో ఆ లోటు నేడు కానరాదు. మూడేండ్ల తరువాత ఎవరో ఒకరు మీ జిల్లాకు సహాయము కోరి వచ్చినప్పుడు పెట్టె వట్టిదై యుండును. అప్పటికి కారకులెవరో ఎవరికిని జ్ఞప్తి యుండదు. క్రమము తప్పిన దానములోని పాపమిట్టిది. అది చేసినవాని కంటబడదు.

క్రమము తప్పని దానము ఏమి సాధింపగలదో తెలియుటకు పోలియో కథను మించిన నిదర్శనము లేదు. 1985లో రోటరీవారు లోకమందలి బిడ్డల నా వ్యాధినుండి కాపాడ సంకల్పించి 12 కోట్ల డాలర్లు పోగుచేయ నిశ్చయించిరి. 1988 నాటికి 24 కోట్ల 70 లక్షల డాలర్లు సమకూడినవి. అంతటితో పని ముగిసినదా? లేదు. పోలియో చుక్కల స్వభావమే అట్టిది. ఒక్కమారు వేసిన చాలదు. మరల మరల, ఇల్లిల్లు తిరిగి, ఒక్క బిడ్డను విడువక వేయవలెను. మన దేశమున పల్స్ పోలియో కార్యక్రమము 1995లో ఆరంభమైనది. పదునాలుగేండ్లు గడచిన పిమ్మట, 2009లో గూడ 741 మంది బిడ్డలకు ఆ వ్యాధి సోకెను. ఇంత చేసినను ఫలమేమని అప్పుడు చేతులు దులుపుకొన్నచో? దులుపుకొనలేదు. 2010లో ఆ సంఖ్య 42కు దిగెను. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో కనబడినదే చివరిది. 2014 మార్చి 27న మన దేశముతో కూడిన ఆగ్నేయాసియా మండలమును పోలియోరహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపఱచెను.

ఈ కీర్తి ఒక్క రోటరీది కాదు. ప్రభుత్వములు ధనమిచ్చినవి, ఎండలో ఇల్లిల్లు తిరిగిన ఆరోగ్య కార్యకర్తలు, అంగన్‌వాడీ తల్లులు శ్రమ నిచ్చిరి. కాని ఏటేట తప్పక ధనము వచ్చునన్న భరోసా ఇచ్చినవారిలో రోటరీ సభ్యులు ముందు వరుసలో నుండిరి. నేటివరకు వారిచ్చినది 200 కోట్ల డాలర్లకు మించినది.

ఇప్పుడు మన స్థాయికి దిగివత్తము. ఒక దాత ఒక్కసారిగా 1,00,000 రూపాయలిచ్చెననుకొందము. 40 మంది సభ్యులు నెలకు 200 రూపాయల చొప్పున ఇచ్చిరనుకొందము. సంవత్సరమునకు 96,000 రూపాయలగును. మొదటి యేట రెండును ఇంచుమించు సమానమే. పదియేండ్లకు మొదటిది లక్షగానే యుండగా, రెండవది 9,60,000 అగును. ఇది చిన్నపిల్లలు చేయు గుణకారమే. కాని ఇందులో లెక్కకు రాని లాభమొకటి కలదు. రేపు వచ్చునది తెలిసినవాడే మాట ఇయ్యగలడు. ఒక పేదపిల్లను మూడేండ్ల చదువులో చేర్పించి, మొదటి యేటి జీతము మాత్రము కట్టి, ఫోటో తీయించుకొని వచ్చితిమనుకొనుడు. రెండవ యేట ఆ పిల్ల గతి యేమి? మూత్రపిండములు చెడినవానికి వారమునకు రెండు మూడు మారులు రక్తశుద్ధి చేయింపవలెను. ఒక నెల చేయించి మానిన, అది సహాయమా, ఆశాభంగమా? నడుమ విడిచిన సహాయము కొన్నిచోట్ల అసలు చేయకుండుటకంటెను క్రూరము.

సభ్యులు సాధారణముగా చెప్పు అభ్యంతరములు మూడు. “చేతిలో మిగిలినప్పుడు ఇచ్చెదము” అందురు. మిగులుట యనునది ఏ ఇంటి లెక్కలోను లేదు. ముందు తీసినదే దానము, ముందు తీసినదే పొదుపు. కడపట మిగులునది సున్న. “నేనిచ్చు 100 రూపాయలతో ఏమగును?” అందురు. అందఱు నట్లనుకొన్న ఏమియు కాదు. ఏ ఒక్కరు ననుకొనకున్న అన్నియు అగును. “మా ధనమెట్లు ఖర్చగుచున్నదో తెలియదు” అందురు. ఈ మూడవది న్యాయమైన మాట. దీనికి దాతను నిందింపరాదు. కోశాధికారి ప్రతి సమావేశమున జమాఖర్చులు చదివి వినిపింపవలెను. రసీదు లేని పైస పుచ్చుకొనరాదు, పద్దు లేని పైస ఖర్చు చేయరాదు. లెక్క చెప్పని సంఘమునకు క్రమదానము నడుగు హక్కు లేదు.

కావున కొన్ని నియమములను మీ ముందుంచుచున్నాను. ప్రతి సభ్యుడు తన శక్తికి తగిన మొత్తమును తానే నిర్ణయించుకొనవలెను, ఇతరులు నిర్ణయింపరాదు. అది చిన్నదైనను సరే, నెలలో ఒక నిర్ణీత దినమున చెల్లింపవలెను. ఎవరెంత ఇచ్చిరో సభలో చదువరాదు. ఎందఱు వరుస తప్పక ఇచ్చిరో మాత్రము చదువవలెను. ఇచ్చట గౌరవము మొత్తమునకు గాక వరుసకే దక్కవలెను. కష్టము వచ్చి ఒకరు రెండు మూడు నెలలు ఈయలేకపోయినచో వారినెవరును అడుగరాదు. మరల మొదలిడిననాడు ఆదరముతో స్వీకరింపవలెను. ఇంటిలోని పిల్లలచేత ఆ సొమ్మును పంపించుట అన్నిటికంటె మేలు.

మన ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమము సయితము ఈ త్రోవనే నడచినది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ పడవలో పుస్తకములను త్రిప్పిరి. పడవ గ్రంథాలయమునకు ప్రాణము పడవ కాదు, అది మరల వచ్చునన్న నమ్మకము. రేవులో ఎదురుచూచు పాఠకునికి పోయినవారము వచ్చినదన్న సంతోషముకంటె, వచ్చువారము వచ్చునన్న నమ్మకమే ముఖ్యము.

రోటరీ సోదరులారా, గ్రామస్థులారా! నేటి సభ ముగియగనే పూలదండలు వాడును, షామియానా విప్పుదురు, కుర్చీలు బండి యెక్కును. రేపు సాయంకాలము ఐదు గంటలకు ఈ తలుపు మరల తెరువబడవలెను. ద్వారము ప్రక్కన బల్లమీద ఒక క్రొత్త చిట్టా నుంచితిమి. అందు పేరు, నెల, మొత్తము అను మూడు గడులు మాత్రమే యున్నవి. మీలో ప్రతియొక్కరు నేడు తోచిన మొత్తమును వ్రాయుడు. కాని వచ్చే నెల, ఆ పై నెల గూడ ఇయ్యగల మొత్తమునే వ్రాయుడు. పెద్ద అంకె వేసి మానుకొనువారికంటె చిన్న అంకె వేసి నిలుపుకొనువారే మాకు కావలసినవారు.