లాక్ అయిన ఫైళ్లు: ఏం చేయాలి?

భివండీలో మరమగ్గాలు నడిపే మన పద్మశాలీల కార్ఖానాల్లో నూలు లెక్కలు, జీఎస్టీ బిల్లులు ఇప్పుడు కంప్యూటర్లలోనే ఉంటున్నాయి. పొద్దున్నే ఫైళ్ల పేర్లన్నీ మారిపోయి, డబ్బు కడితేనే తెరుస్తామని తెరమీద బెదిరింపు కనిపిస్తే, అది రాన్సమ్‌వేర్.

2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకు సోకింది. దాన్ని అడ్డుకునే విండోస్ అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. జూన్‌లో నాట్‌పెట్యా అనే మరో దాడి, భివండీకి దగ్గర్లోని జేఎన్‌పీటీ రేవులో ఒక టెర్మినల్ పనిని స్తంభింపజేసింది.

మీకు అలా జరిగితే, ముందు నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి. పెన్‌డ్రైవ్ పెట్టకండి. ఆ బెదిరింపును ఫోటో తీసి, 1930కి ఫోన్ చేయండి. డబ్బు కట్టకండి, కట్టినా ఫైళ్లు తెరుచుకుంటాయన్న భరోసా లేదు. యాంటీవైరస్ రాన్సమ్‌వేర్‌ను తొలగించినా, లాక్ అయిన ఫైళ్లు వాటంతట అవి తెరుచుకోవు. 2016లో నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్ మరికొందరితో కలిసి మొదలుపెట్టిన ‘నో మోర్ రాన్సమ్’ సైట్‌లో కొన్ని రకాలకు విరుగుడు ఉచితంగా దొరుకుతుంది. ఈరోజు దొరక్కపోయినా ఆ ఫైళ్లను చెరిపేయకండి, రేపు రావచ్చు.

అసలైన రక్షణ బ్యాకప్. వారం వారం లెక్కల కాపీని విడి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, వెంటనే వైరు తీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే అదీ లాక్ అవుతుంది. ఈ పని ఈ వారమే మొదలుపెట్టండి.