కారు బ్రేకు ప్యాడ్లు



బండికి పరుగు ముచ్చటయే. ప్రాణరక్ష మాత్రము నిలుపుటలో నున్నది.

కారు ముందు చక్రముతో దిరుగు పోతయినుప పళ్లెమునకు డిస్కని పేరు. దానిని రెండు బ్రేకు ప్యాడ్లు ఇరువైపుల నుండి నొక్కి పట్టును. నొక్కినప్పుడెల్ల ప్యాడు మీది రాపిడి పొర కొంత యరుగుచుండును. క్రొత్తదానికి సుమారు 10 మిల్లీమీటర్ల పొర యుండును. 3 మిల్లీమీటర్లకు దిగినచో మార్పింపవలెను. పెక్కు ప్యాడ్లకు చిన్న రేకొకటి గలదు. అరుగుదల హద్దు మీరగనే యది డిస్కును రాచుకొని కీచుమనును. ఆ కూతను పెడచెవిని బెట్టినచో పొర పోయి, యినుమును ఇనుము రాచి, డిస్కే చెడును; బండియు వేళకు నిలువదు.

ఒక్క చక్రమునకే మార్చి పొదుపు చేయరాదు. ఇరుప్రక్కల నొక్కసారియే మార్పింపవలెను. లేనిచో బ్రేకు వేయగనే బండి యొకవైపునకు లాగును. మార్చిన పిమ్మట, బండి కదలక మునుపే, పెడలు గట్టిపడువరకు పలుమారులు నొక్కవలెను. ఏలయన తొలి నొక్కుడులకు బ్రేకు పట్టదు.

ఎడ్లబండి కట్టువాడు ఇరుసు చీల చూచుకొనియే బయలుదేరును. కారు తోలువాడు మీ కుమారుడైనను, మనుమడైనను, ఆ కీచుకూత మీ చెవిని బడినచో ప్రయాణమాపి, ముందు ప్యాడ్లు చూపింపుడని చెప్పుడు. పెద్దల మాటకు అంతకన్న మంచి యదను లేదు.