గోలేటి నుంచి ఎక్కడికి పంపుతారు?



నేను గోలేటి మనిషిని. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలో సింగరేణి కట్టిన కాలనీ అది. బెల్లంపల్లి ఏరియా జనరల్ మేనేజర్ కార్యాలయం అక్కడే ఉంటుంది. మా నాన్న బొగ్గు బాయిలో పనిచేశాడు, నేను క్వార్టర్‌లో పెరిగాను, పశువైద్యుడినై బొగ్గు ప్రాంతంలోనే ఎక్కువ కాలం కొలువు చేశాను. మా దగ్గర కుక్క లేని క్వార్టర్ల లైను కనబడదు. తెల్లవారకముందే ఫస్ట్ షిఫ్టుకు బయల్దేరిన మనిషి వెంట గేటు దాకా నడిచేది అదే. ఒకప్పుడు అన్నీ ఊరకుక్కలే. ఇప్పుడు లాబ్రడార్లు, పామరేనియన్లు, పర్షియన్ పిల్లులు కూడా వచ్చాయి. పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు దూరం పోయిన ఇళ్లలో వాటి మీద ప్రేమ మరీ ఎక్కువ.

ఆ ఇళ్ల నుంచి నాకు తరచూ ఫోన్లు వస్తాయి. అడిగేది ఒకటే: ‘సార్, హైదరాబాద్‌లో మంచి కుక్కల దవాఖాన ఏది?’ నేను పేరు చెప్పను. ‘ముందు ఎవరు చూశారు? ఎందుకు అక్కడికి పొమ్మన్నారు?’ అని అడుగుతాను. చాలాసార్లు ఎవరూ పొమ్మని ఉండరు. ఫోన్‌లో వెతికితే పైన కనబడిన పేరో, పక్క లైనువాళ్లు చెప్పిన పేరో పట్టుకుని కారు మాట్లాడుకుని ఉంటారు. ఈ పరిస్థితి గురించే, ఈ రోజు పట్టా అందుకుంటున్న యువ పశువైద్యులైన మీతో మాట్లాడాలని వచ్చాను.

సింగరేణిలో పుట్టి పెరిగినవాళ్లకు ‘రిఫర్’ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఒంట్లో బాగాలేకపోతే కంపెనీ డిస్పెన్సరీకి పోతారు. అక్కడ తేలకపోతే గోదావరిఖనిలోనో రామకృష్ణాపూర్‌లోనో ఉన్న ఏరియా ఆసుపత్రి, ఆపైన కొత్తగూడెం మెయిన్ ఆసుపత్రి, గుండెకో కిడ్నీకో పెద్ద వైద్యం కావాలంటే హైదరాబాద్. ప్రతిచోటా ఒక డాక్టర్ చూసి, కాగితం రాసి, పైకి పంపుతాడు. ఆ కాగితం కోసం తిరగలేక కార్మికులు విసుక్కుంటారు, ఆ విసుగుకు కారణాలూ ఉన్నాయి. అయినా ఏ జబ్బుకు ఎక్కడికి పోవాలో తేల్చుకునే బరువు రోగి నెత్తిన పడదు. అదే ఇంట్లో కుక్క పడకేస్తే మొత్తం బరువు ఆ ఇంటివాళ్లదే. జబ్బు ఏమిటో వాళ్లే ఊహించాలి, స్పెషలిస్టును వాళ్లే వెతకాలి, సరైన చోటుకే వచ్చామా లేదా అన్నది డబ్బు కట్టాక తెలుసుకోవాలి.

ఇది అన్యాయం. పెంపుడు జంతువుకు స్పెషలిస్టు క్లినిక్ ఎంచుకోవడం యజమాని పని కాదు, మొదట చూసిన పశువైద్యుడి పని. మీలో ఎక్కువమంది స్పెషలిస్టులు కాకపోవచ్చు. కానీ మీలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక ఇంటికి మొదటి డాక్టర్ అవుతారు.

గోలేటి నుంచి హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్లకు దగ్గర. రైల్లో ఫస్ట్ క్లాస్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకుంటే తప్ప కుక్కను పక్కన ఉంచుకోనివ్వరు. లేదంటే గార్డు దగ్గరి డాగ్ బాక్స్‌లో వేయాలి. నీరసించిన జీవాన్ని ఆ పెట్టెలో వేయడానికి ఎవరికి చేతులొస్తాయి? కాబట్టి కారే గతి. పోను రాను కిరాయి, అక్కడ స్కానింగ్, రక్తపరీక్షలు, రాత్రి ఉండాల్సి వస్తే లాడ్జి. కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లో అది నెల జీతంలో ఎంత భాగమో లెక్క వేసుకున్నాకే ‘హైదరాబాద్ తీసుకుపొండి’ అనే మాట మీ నోటి నుంచి రావాలి.

అన్ని దారులూ హైదరాబాద్‌కే పోనక్కర్లేదు. మంచిర్యాల, లక్షెట్టిపేట దాటి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి, ధర్మపురి, జగిత్యాల మీదుగా పోతే కోరుట్ల పశువైద్య కళాశాల. వరంగల్ పక్కన మామునూరులో మరొకటి. హైదరాబాద్‌కే పోవాల్సి వస్తే అక్కడ రాజేంద్రనగర్ కళాశాల ఉంది, అది 1946 నాటిది. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. మా కాలనీలో అడిగి చూడండి, నగరంలోని ప్రైవేటు క్లినిక్‌ల పేర్లు గడగడా చెబుతారు, కోరుట్ల పేరు చెప్పేవాళ్లు అరుదు. కళాశాల ఆసుపత్రి అంటే విద్యార్థులు ప్రయోగాలు చేసే చోటని ఒక భయం. ఆచార్యుల కళ్లముందు, ఒకరికి ముగ్గురు చూసే చోటు అదేనని వాళ్లకు చెప్పాల్సింది అక్కడ చదివిన మీరే.

ఎక్కడికీ పంపనక్కర్లేని కేసు ఒకటి చెబుతాను. ఓసీకి, అంటే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనికి, ఆనుకుని ఉన్న ఒక ఊరి నుంచి భార్యాభర్తలు రెండేళ్ల మగకుక్కను తెచ్చారు. ‘రోజూ ఫిట్స్ వస్తున్నయి సార్, నరాల డాక్టర్ దగ్గరికి కొంచవోదామనుకుంటున్నం’ అన్నారు. ఏ వేళకు వస్తున్నాయని అడిగితే మధ్యాహ్నం అన్నారు. ఆదివారం? కొంచెం ఆలోచించి, ఆదివారాలు రావట్లేదన్నారు. వణుకు వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పంపమన్నాను. వీడియోలో కుక్క మంచం కింద దూరి, చెవులు వెనక్కి పెట్టి గజగజ వణుకుతోంది. ఆమె పేరు పెట్టి పిలిస్తే కళ్లు తిప్పి చూస్తోంది. మూర్ఛలో ఉన్న కుక్కకు అంత స్పృహ ఉండదు. అది పక్కకు పడిపోతుంది, కాళ్లు కొట్టుకుంటుంది, తెలియకుండానే మూత్రం పోస్తుంది. ఈ కుక్కను వణికిస్తున్నది ఓసీలో మధ్యాహ్నం పెట్టే బ్లాస్టింగ్. దానికి లోపలి గదిలో చోటు, ఆ వేళకు తోడుగా ఒక మనిషి, కొన్నాళ్లు మందు సరిపోయాయి. హైదరాబాద్‌లో ఎంత గొప్ప నరాల నిపుణుడైనా ‘మీ ఇంటి పక్కన ఓసీ ఉందా?’ అని అడగాలని ఎలా తడుతుంది? అది ఆ ప్రాంతంలో ఉన్న డాక్టర్‌కే తెలుస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది గర్భసంచిలో చీము పట్టే జబ్బు, మీరు పయోమెట్రా అని చదువుకున్నది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని, వయసు మళ్లుతున్న ఆడకుక్క. ఎదకు వచ్చి నెలో రెండు నెలలో అయి ఉంటుంది. తిండి మానేసింది, నీళ్లు మాత్రం గిన్నెల కొద్దీ తాగుతోంది. చీము బయటికి కారితే ఇంటివాళ్లు గమనిస్తారు. గర్భాశయ ద్వారం మూసుకుపోతే ఏమీ కారదు, కడుపు మాత్రం ఉబ్బుతుంది. ‘ఎండలకు నీళ్లు ఎక్కువ తాగుతోంది’ అనుకుని రోజులు గడిపేస్తారు. అక్కడ మీ చెయ్యి పొట్ట మీద పడాలి, ఆ ప్రశ్న మీ నోట రావాలి: ‘చివరిసారి ఎదకు ఎప్పుడొచ్చింది?’ అనుమానం వస్తే అల్ట్రాసౌండ్, ఆపరేషన్ రెండూ ఉన్న చోటుకు ఆ రోజే పంపాలి. ముందే ఫోన్ చేసి, వాళ్లు థియేటర్ సిద్ధం చేస్తామన్నాకే పంపాలి. అక్కడికి పోయాక ‘సర్జన్ రేపు వస్తారు’ అని వినాల్సి వస్తే ఆ ప్రయాణం ఆ కుక్క ప్రాణం మీదికి తెచ్చినట్టే.

ముందు వైద్యం చేసి, తర్వాతే పంపాల్సినవీ ఉన్నాయి. రెండు నెలల కుక్కపిల్ల పార్వో వైరస్‌తో నెత్తుటి విరేచనాలు, వాంతులు చేసుకుంటుంటే దానికి కావాల్సింది సెలైన్, అదీ ఈ గంటలోనే. ఆరు గంటల కారు ప్రయాణంలో అది ఎండిపోతుంది. మాది అడవి అంచు, పాముకాట్లు ఎక్కువ. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర – ఈ నాలుగింటికీ కలిపి మన దేశంలో తయారవుతున్న విరుగుడు మందు కుక్కకూ పనిచేస్తుంది. ఎక్కడ దొరుకుతుందో ముందే తెలుసుకుని ఉంచుకోవడం మీ పని. ఊరకుక్కల్లో తరచూ కనబడే జననాంగాల గడ్డకు వారానికొకటి చొప్పున కొన్ని విన్‌క్రిస్టీన్ ఇంజెక్షన్లు చాలాసార్లు సరిపోతాయి. క్యాన్సర్ అనే మాట చెప్పి ఆ ఇంటిని భయపెట్టి నగరానికి తరమడం సరైంది కాదు.

ఇక పంపాల్సి వచ్చినప్పుడు రాసే కాగితం. నేను దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మన వృత్తిలో తక్కువ చూపు పడిన పని ఇదేనని నా అభిప్రాయం. ఒక కుక్క కాలు కుంటుతోందని నొప్పి మందు మెలాక్సికామ్ ఇచ్చారనుకోండి. తగ్గలేదని ఇంటివాళ్లు మరుసటి రోజు మరో చోటుకు తీసుకుపోయారు. నిన్న ఏం ఇచ్చారని అక్కడ అడిగితే ‘ఏదో సూది వేసిండ్రు’ అంటారు. ఆ డాక్టర్ మంచి ఉద్దేశంతోనే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తాడు. ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి పడితే కడుపులో పుండ్లు పడి, నెత్తురు పోయి, కుంటుతో వచ్చిన కుక్క ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ఇద్దరు డాక్టర్లూ తెలిసి తప్పు చేయలేదు. మధ్యలో ఉండాల్సిన రెండు వరుసల రాత లేదు, అంతే.

కాబట్టి రాయండి. వయసు, బరువు, ఏయే టీకాలు ఎప్పుడు పడ్డాయి, జబ్బు ఏ రోజు మొదలైంది, మీరు ఇచ్చిన మందు, మోతాదు, ఇచ్చిన వేళ, రక్తపరీక్ష చేసి ఉంటే ఆ కాగితం, మీ అనుమానం ఏమిటి, స్పెషలిస్టు నుంచి మీరు ఏం అడుగుతున్నారు. కింద మీ రిజిస్ట్రేషన్ నంబరు, ఫోన్ నంబరు. ఇంటివాళ్లు ఎంత ఖర్చు భరించగలరో వాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకుంటే అదీ రాయండి. అటువైపు డాక్టర్ అనవసరపు పరీక్షలు రాయకుండా అది ఆపుతుంది.

ఎవరికి రాయాలన్నదీ మీరే తేల్చాలి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం రిజిస్టరైన డాక్టరేనా అన్నది మొదటి మెట్టు. ఆపైన బోర్డు మీద ‘స్పెషలిస్ట్’ అని ఉంటే ఎందులో ఎంవీఎస్సీ చేశారో చూడండి: సర్జరీయా, మెడిసినా, గైనకాలజీయా. అమెరికాలో పశు శస్త్రచికిత్సకు 1965లోనే ప్రత్యేక కాలేజీ ఏర్పడింది. వాళ్ల శిక్షణ, పరీక్ష దాటినవాళ్లే ఆ పేరు పెట్టుకుంటారు. మన దగ్గర ఆ జల్లెడ మీరే కావాలి. వీలు చూసుకుని ఆ క్లినిక్‌లకు వెళ్లండి. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మత్తును చూసుకోవడానికి వేరే మనిషి ఉన్నారా? రాత్రి పదకొండు తర్వాత ఇన్‌పేషెంట్ల దగ్గర డాక్టర్ ఉంటారా, కాపలాదారుడు ఉంటాడా? పిల్లికి రక్తం ఎక్కించే ముందు గ్రూపు చూస్తారా? కుక్కకు మొదటిసారి గ్రూపు కలవకపోయినా చాలావరకు తట్టుకుంటుంది, పిల్లి మొదటిసారికే చనిపోవచ్చు. వెయిటింగ్ గది ఎంత చల్లగా ఉందో, గోడ మీద ఎన్ని ఫొటోలు ఉన్నాయో యజమానులు చూస్తారు. వాళ్లకు తెలిసింది అదే. మీరు చూడాల్సింది మైక్రోస్కోప్ మీద దుమ్ము ఉందా లేదా అన్నది.

మీలో కొందరు పీజీ చేసి నగరాల్లో పెద్ద క్లినిక్‌లు పెడతారు. సంతోషం. వాళ్లకు ఒక మాట. మారుమూల నుంచి ఒక కాగితం పట్టుకుని వచ్చిన కుక్కను తిరిగి పంపేటప్పుడు మీరూ ఒక కాగితం రాయండి. ఏం కనుక్కున్నారు, ఏం చేశారు, కుట్లు ఎప్పుడు విప్పాలి, ఏ లక్షణం కనబడితే మళ్లీ రావాలి. కుట్లు విప్పడానికి మూడు వందల కిలోమీటర్లు రప్పించకండి, అది రెబ్బెనలో జరిగే పని. మొదట చూసిన డాక్టర్ పొరపడి ఉంటే ఆయనకే ఫోన్ చేసి చెప్పండి, యజమాని ముందు అనకండి. యజమాని ముందు అంటే ఆ ఊళ్లో మరుసటి కుక్కను ఎవరూ ఆయన దగ్గరికి తీసుకుపోరు. అలా ఆ ఊళ్లో ఉన్న ఒక్క డాక్టరూ లేకుండా పోతాడు.

పశువైద్యానికి మొట్టమొదటి కళాశాల 1761లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పుట్టింది, పశువులను తుడిచిపెడుతున్న ముసర రోగం పుణ్యమా అని. 2011లో ఆ రోగం భూమ్మీద లేకుండా పోయిందని ప్రకటించారు. ఆ పని ఒక గొప్ప నిపుణుడి వల్ల కాలేదు. ఊరూరా చూసి, రాసి, పై వాళ్లకు తెలియజేసిన మామూలు పశువైద్యుల వల్ల, టీకాలు మోసుకుపోయిన సిబ్బంది వల్ల అయింది. కాగితం మీద నాకు ఇంత నమ్మకం అందుకే.

రేపు మీలో ఎవరికో రెబ్బెనలో, తిర్యాణిలో, తాండూరులో పోస్టింగ్ వస్తుంది. మొదటి నెల జీతంతో ఒక లెటర్ ప్యాడ్ అచ్చు వేయించుకోండి. కోరుట్ల, మామునూరు, రాజేంద్రనగర్ ఆసుపత్రుల్లో ఏ రోజు ఏ విభాగం చూస్తుందో రాసి దవాఖాన గోడకు అంటించండి. మీకు పాఠం చెప్పిన ఆచార్యులు ఈ హాల్లోనే ఉన్నారు. బయటికి వెళ్లేలోపు వాళ్ల ఫోన్ నంబర్లు తీసుకోండి.