గోడ మూల పెచ్చు లేస్తే...



ఇల్లు ఎంత తుడిచి కడిగి పెట్టుకున్నా, వచ్చినవాళ్ళ చూపు సరాసరి పోయేది పెచ్చు లేచిన గోడ మూల మీదికే. మంచం జరుపుతుంటే తగిలి ఓ పెళ్ళ రాలుతుంది. పిల్లవాడు వేలు పెట్టి గీకి ఇంకొంచెం రాలుస్తాడు. పండుగ దగ్గర పడుతోందని మేస్త్రీని పిలిచి గుప్పెడు సిమెంటు మెత్తిస్తాం. మళ్ళీ వానాకాలానికి అదే మూల, అదే పెచ్చు! మళ్ళీ మేస్త్రీ, మళ్ళీ కూలి. ఈవేళ ఆ మూల సంగతే చెప్పుకుందాం.

జ్వరం వస్తే ఎందుకొచ్చిందో కనుక్కుంటాం కదా! గోడకూ అంతే. మూల ఎందుకు ఊడిందో తెలుసుకోకుండా వేసిన పూత నిలవదు.

కారణం కనిపెట్టడానికి చదువులేమీ అక్కర్లేదు. ఒక రూపాయి బిళ్ళ తీసుకుని ఊడిన చోటు చుట్టూ మెల్లగా తట్టి చూడండి. గట్టిగా ‘టక్’ మంటే ప్లాస్టరింగు గోడను పట్టుకుని ఉన్నట్టు. డొల్లగా మోగితే లోపల గోడను వదిలేసినట్టు. డొల్ల ఉన్నంత మేరా సుద్దముక్కతో గీత గీయండి. పైకి అరచేయంత కనిపించిన దెబ్బ ఒక్కోసారి మూరెడు పొడవు ఉంటుంది.

దెబ్బ తగిలి ఊడిందే అయితే చింత లేదు, చుట్టూ గట్టిగానే ఉంటుంది. అలా కాక నేలనుంచి మోకాలెత్తు వరకు, నడుమెత్తు వరకు పొడిపొడిగా రాలుతూ తెల్లటి ఉప్పు తేలితే అది చెమ్మ. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఇటుక నేలలోని నీటిని పైకి పీలుస్తుంది. నీరు ఆరిపోతుంది, అందులోని ఉప్పు గట్టిపడి వెనుకనుంచి ప్లాస్టరింగును తోసేస్తుంది.

ఈ బాధ మన గడ్డిఅన్నారం, దిల్‌సుఖ్‌నగర్ వాళ్ళకు వేరే చెప్పాలా? 2020 అక్టోబరు నెల కుండపోత వానలకు సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. అలా నీళ్ళలో నానిన గోడ పైకి ఆరినట్టు కనిపించినా, లోపల ఆరడానికి నెలలు పడుతుంది. తొందరపడి సిమెంటు పూసి రంగు వేస్తే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. ముందు పైపు కారుతోందా, చూరు నీళ్ళు గోడమీద పడుతున్నాయా, పెరటి మట్టి గోడకు ఆనుకుని ఎత్తుగా ఉందా చూసి అది సరిచేయండి. ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపండి. నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది.

ఇక మూల పొడుగునా నిలువుగా సన్నటి బీట ఉంటే, అది చాలావరకు కాంక్రీటు స్తంభమూ ఇటుక గోడా కలిసే చోటు. ఎండకూ చలికీ రెండూ ఒకే తీరుగా సాగవు, ముడుచుకోవు. అక్కడ సన్న తీగ జాలీని అతుకుకు అటూ ఇటూ జానెడు వచ్చేలా మేకులతో బిగించి పూత వేయించాలి. బీట గోడకు రెండువైపులా కనిపించినా, తలుపు మూలనుంచి ఏటవాలుగా పాకినా దానిమీద అడ్డంగా ఒక కాగితం పట్టీ అతికించి తేదీ వేయండి. కొన్నాళ్ళకు కాగితం చిరిగిందా, మేస్త్రీని కాదు, ఇంజనీరును పిలవండి.

కారణం తేలింది కనుక ఇక పని. ఆ గోడలో కరెంటు తీగలుంటే ముందు మెయిన్ ఆపించండి. డొల్లగా మోగినదంతా ఉలితో తీసేయించి, ఇటుకల సందులు అరంగుళం లోతు గీకించి దుమ్ము దులిపించండి. ముందురోజు రాత్రి ఒకసారి, పొద్దున్నే ఒకసారి గోడ తడపాలి. పొడి ఇటుక కొత్త సిమెంటులోని తడి లాగేసుకుంటుంది. అలాగని నీళ్ళు కారుతూనూ ఉండకూడదు.

బయటి మూలకు ఒక డబ్బా సిమెంటుకు నాలుగు డబ్బాల ఇసుక చాలు. ఇసుక అరచేతిలో రుద్దితే మట్టి అంటకూడదు. సిమెంటు ఉండలు వేళ్ళతో నలిపితే నలగకపోతే ఆ సిమెంటు వద్దు. అరగంటలో వాడేంత మాత్రమే కలిపించండి. బిగుసుకున్నదానిలో మళ్ళీ నీళ్ళు పోసి వాడడం మిగిలిపోయిన సున్నిపిండి కలిపినంత సులువు కాదు, దాని పట్టు పోతుంది. చేత్తో ముట్టకండి, చర్మం కాలుతుంది. రబ్బరు తొడుగులు వేసుకోండి.

మూలకు ఒకవైపు నున్నటి చెక్క బద్ద నిలబెట్టి, తూకం గుండుతో నిలువు సరిచూసి, రెండోవైపు పూత వేయాలి. అది గట్టిపడ్డాక బద్ద ఇటు మార్చి ఈవైపు వేయాలి. అరంగుళం దాటిన మందం ఒక్కసారే మెత్తితే జారుతుంది. మొదటి పూత మీద గీతలు గీసి మర్నాడు రెండోది వేయించండి. అంచు కత్తిలా ఉంచక కాస్త గుండ్రం చేయిస్తే పెచ్చూ లేవదు, పిల్లల నుదురూ చిట్లదు.

లోపలి మూల సరిగ్గా వచ్చిందో లేదో మూలమట్టం లేకపోయినా టేపుతో చూడవచ్చు. మూలనుంచి ఒక గోడమీద 3 అడుగులు, ఇంకో గోడమీద 4 అడుగులు గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు రావాలి. అప్పుడే బీరువా మూలకు ఒదిగి కూర్చుంటుంది.

పాతకాలపు సున్నపు గోడలకు మాత్రం ఈ సిమెంటు వద్దు. 1591లో కట్టిన చార్మినార్ సున్నపు గచ్చు కట్టడమే. 2019 మే నెలలో మినారు మీది గచ్చు పెళ్ళ ఒకటి ఊడిపడింది. అలాంటి కట్టడాలకు మరమ్మతు సున్నంతోనే చేస్తారు. సున్నపు గోడ చెమ్మను పీల్చి వదులుతూ ఉంటుంది, పైన సిమెంటు కప్పితే ఆ దారి మూసుకుపోతుంది.

మేస్త్రీ కూలి తీసుకుని వెళ్ళాక మన పని మొదలవుతుంది. మర్నాటి నుంచి ఏడు రోజులు, పూటకు రెండుసార్లు తడపాలి. ఎండాకాలమైతే తడి గోనెపట్టా వేలాడదీయండి. సిమెంటుకు బలం ఆ ఏడు రోజుల తడిలోనే వస్తుంది. ఊడిపోయే మూలల్లో చాలావాటికి ఈ తడపడమే కరువు. రంగులకు నెలరోజులైనా ఆగండి.

పొద్దంతా ఇంట్లో ఉండేది మనమే. బిళ్ళతో తట్టి చూసేదీ, చెంబుతో తడిపేదీ మనమే. ఇంత తెలిసినవాళ్ళం కనుక, పని జరుగుతున్నంతసేపూ టీ అందించి ఊరుకోకుండా దగ్గర నిలబడి అడగండి. ‘గోడ తడిపావా నాయనా? డొల్లంతా తీశావా?’ అని మర్యాదగా అడిగితే మంచి పనివాడు నొచ్చుకోడు. పైగా, ఈ ఇల్లాలికి పని తెలుసునని ఇంకాస్త శ్రద్ధగా చేస్తాడు.