పని బయటికి పోతే నేర్పు ఎక్కడుంటుంది?



మనం కూర్చున్న ఈ గన్‌ఫౌండ్రీకి ఆ పేరు ఊరికే రాలేదు. నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచ్ సేనాని రేమండ్ 1786లో ఇక్కడ ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టాడు. ఉర్దూలో దీన్ని ‘తోప్ కా సాంచా’ అంటారు. నేర్పు తెలిసినవాడు పరాయివాడే అయినా పని మాత్రం మన గడ్డమీదే జరిగింది. 1798లో నిజాం ఆంగ్లేయులతో ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచ్ దళం రద్దయింది, రక్షణ భారం ఆంగ్లేయ సైన్యానికి వెళ్లింది. ఆ తర్వాత నిజాంలు వాళ్ల మాట దాటలేకపోయారు. మన పనిని ఇంకొకరికి అప్పగించినప్పుడు దానితోపాటు ఏం పోతుందో ఈ చరిత్రే చెబుతుంది.

ఇవాళ కంపెనీలు తమ సరుకును వేరే దేశాల్లో చేయించుకుంటున్నాయి. దీన్నే ఔట్‌సోర్సింగ్ అంటున్నాం. ఇందులో లాభం లేదని మేము అనం. ఖర్చు తగ్గుతుంది, పని వచ్చిన చోట కూలి దొరుకుతుంది. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్ పెట్టిన దుస్తుల పార్కులో వేలమంది ఆడవాళ్లు విదేశీ బ్రాండ్లకు బట్టలు కుడుతున్నారు. నెల జీతం చేతికొస్తే ఆడపిల్లకు ఇంట్లో మాట చెల్లుతుంది. అది చిన్న విషయం కాదు.

నష్టం కూడా చూడాలి. హైదరాబాద్‌కు మందుల తయారీలో పెద్ద పేరుంది. కానీ ఆ మందుల ముడిసరుకులో చాలా భాగం చైనా నుంచే రావాలి. 2020లో కరోనా వచ్చి అక్కడి సరఫరాకు ఆటంకం కలగగానే, మన ప్రభుత్వం పారాసెటమాల్‌తో సహా కొన్ని మందుల ఎగుమతిని కట్టడి చేయాల్సి వచ్చింది.

ఇక న్యాయం సంగతి. 2013లో బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. వాళ్లు కుట్టింది పెద్ద పెద్ద బ్రాండ్ల బట్టలే. 2022లో అచ్యుతాపురంలోనే రెండుసార్లు విషవాయువు సోకి వందలమంది మహిళా కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. సరుకు మీద పేరు ఒకరిది, ప్రమాదం ఇంకొకరిది. కుట్టించుకున్నవాడు ‘నాకేం సంబంధం’ అనకూడదు.

ఇది మన ఇంటి సంగతి కూడా. ఆసిఫాబాద్ ప్రాంతంలో ఓజాలు చేసే డోక్రా బొమ్మలూ పోతపనే. మట్టి మీద మైనపు తీగలు చుట్టి, మళ్లీ మట్టి పూసి, కాల్చి, కరిగిన ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది. అందుకే ఒకదానిలా ఇంకొకటి ఉండదు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. అదే రూపాన్ని ఎక్కడో యంత్రం మీద అచ్చుపోసి వేరే పేరుతో అమ్మితే ఆపడం కష్టం.

రేపు మన వేడుకలకు జ్ఞాపికలు కావాలంటే, సగం ధరకే బయటి సరుకు తెప్పిస్తామనేవాళ్లు వస్తారు. అప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: కూలి ఎవరికి పోతోంది? ప్రమాదం ఎవరు మోస్తున్నారు? పదేళ్ల తర్వాత ఈ పని తెలిసినవాళ్లు మన దగ్గర మిగులుతారా?

బట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వెళ్లండి, తప్పు లేదు. వెళ్లేముందు జీతం, పీఎఫ్, ఈఎస్ఐ, భద్రత గురించి అడిగి తెలుసుకోండి. వ్యాపారం పెడితే, ఎక్కడ చేయించినా చేసినవాళ్ల బాగోగులు మీ బాధ్యతే అనుకోండి. ఇంట్లో తాతకు తెలిసిన పనిని మాత్రం ఒక్కరైనా నేర్చుకోండి. డబ్బిచ్చి సరుకు ఎక్కడైనా కొనుక్కోవచ్చు. పోయిన నేర్పును తిరిగి కొనుక్కోలేం.