సీటొచ్చింది 1832లో, మనిషొచ్చింది 1900లో
(కార్యకర్తల సభలో చేసిన ఉపన్యాస పాఠం)



ఈరోజు మేము ఇంగ్లండు పక్కనున్న వేల్స్ దేశంలోని ఒక నియోజకవర్గం కథ చెప్పదలచుకున్నాం. ఊరి పేరు మెర్థిర్ టిడ్విల్. అంత దూరపు ఊరి ఓట్ల లెక్క మనకెందుకని మీరు అడగొచ్చు. బొగ్గు తవ్వేవాళ్లు, ఇనుము కరిగించేవాళ్లు, అంటే రెక్కలు తప్ప వేరే ఆస్తి లేనివాళ్లు, తమ మనిషిని పార్లమెంటుకు పంపటానికి ఎన్నేళ్లు పట్టిందో, దారిలో ఎవరెవరు అడ్డం నిలబడ్డారో ఆ లెక్కలో తేటగా కనబడుతుంది. అందుకే చెబుతున్నాం.

1831లో మెర్థిర్ భగ్గుమంది. యజమానులు కూలి కోశారు. అప్పుల కోర్టు వాళ్లు ఇళ్లలో సామాన్లు జప్తు చేసుకుపోయారు. జనం తిరగబడ్డారు, ఎర్రజెండా ఎత్తారు. పట్టాళం వచ్చి కాల్చింది. డిక్ పెండెరిన్ అని జనం పిలుచుకునే రిచర్డ్ లూయిస్ అనే కార్మికుణ్ణి, సిపాయిని పొడిచాడన్న నేరం మోపి, ఆగస్టు 13న కార్డిఫ్‌లో ఉరి తీశారు. అతను నిర్దోషి అని ఆనాడే ఊరూరా నమ్మారు.

మరుసటి ఏడు, 1832లో, సంస్కరణ చట్టం వచ్చింది. మెర్థిర్‌కు, పక్కనున్న అబర్‌డేర్‌కు కలిపి ఒక సీటిచ్చారు. మంచిదే కదా! కానీ ఇరవై వేలకు పైగా జనమున్న చోట ఓటున్నది ఐదువందల చిల్లర మందికి. గెలిచిందెవరు? డౌలైస్ ఇనుప కర్మాగారం యజమాని జోసయా జాన్ గెస్ట్. కూలిచ్చేది ఆయనే, చట్టం చేసేదీ ఆయనే. 1852లో చనిపోయేదాకా ఆ సీటు ఆయనదే. ఆయన తర్వాత వచ్చిన హెన్రీ ఆస్టిన్ బ్రూస్ కూడా అదే కంపెనీ ట్రస్టీల్లో ఒకడు. సీటు మారలేదు, కుర్చీలో మనిషే మారాడు.

1867లో పట్టణాల్లో కాపురమున్న మగవాళ్లకు ఓటిచ్చారు. మెర్థిర్‌లో ఓటర్లు ఒక్కసారిగా పదిరెట్లయి 14,577కు పెరిగారు. సీట్లు రెండయ్యాయి. ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. 1868 ఎన్నికలో శాంతి సంఘం కార్యదర్శి హెన్రీ రిచర్డ్‌కు 11,683 ఓట్లొచ్చాయి. ఇనుప యజమాని ఫోదర్‌గిల్‌కు 7,439. పదహారేళ్లుగా సీటులో ఉన్న బ్రూస్ 5,776తో ఓడిపోయాడు. గనుల్లో రెండు షిఫ్టుల పద్ధతిని వెనకేసుకొచ్చినందుకు, రహస్య ఓటు వద్దన్నందుకు కార్మికులు ఆయనకు చెప్పిన జవాబది.

రహస్య ఓటు సంగతి కొంచెం చెప్పుకోవాలి. అప్పట్లో అందరి ముందూ నోటితో పేరు చెప్పి ఓటెయ్యాలి. భూస్వామి మనుషులు పక్కనే నిలబడి వింటారు. ఆ 1868లోనే కార్డిగన్‌షైర్, కార్మార్థన్‌షైర్లలో దొర చెప్పినవాడికి ఓటెయ్యని కౌలు రైతుల్ని పొలాల్లోంచి వెళ్లగొట్టారు. హెన్రీ రిచర్డ్ 1869లో ఈ విషయాన్ని పార్లమెంటులో పెట్టాడు. 1872లో రహస్య ఓటు చట్టమైంది. ఆ తెర చాటు మనకు ఊరికే రాలేదు. దాని వెనుక ఇల్లూ పొలమూ పోగొట్టుకున్నవాళ్లున్నారు.

సరే, ఓటొచ్చింది, చాటూ వచ్చింది. మరి తమ మనిషి గెలిచాడా? 1874లో గని కార్మికుల సంఘం నాయకుడు థామస్ హాలిడే నిలబడ్డాడు. దాదాపు ఐదు వేల ఓట్లొచ్చాయి. మూడోవాడయ్యాడు, ఓడాడు. "మంచివాళ్లు మన తరఫున మాట్లాడుతున్నారుగా, మనమే ఎందుకు పోవాలి?" ఈ మాట ఎక్కడ వినబడినా జాగ్రత్తపడాలి. హెన్రీ రిచర్డ్ మంచివాడే. కానీ ఆయన గనిలో దిగినవాడు కాదు.

ఇంకో ఇరవై ఆరేళ్లు గడిచాయి. 1898లో దక్షిణ వేల్స్ గనుల యజమానులు నెలల తరబడి లాకౌట్ చేశారు. పొయ్యి వెలగని ఇళ్లలో ఆలోచన వెలిగింది. 1900లో కీర్ హార్డీ నిలబడ్డాడు. ఆయన స్కాట్లండువాడు. తల్లి పనిమనిషి. పదేళ్లకే బొగ్గు గనిలో దిగాడు. బోయర్ యుద్ధం తప్పని నిలబడి చెప్పినవాడు. ఫలితం చూడండి. బొగ్గు గనుల యజమాని డి.ఎ. థామస్‌కు 8,598, హార్డీకి 5,745, ప్రిచర్డ్ మోర్గన్‌కు 4,004. రెండో సీటు హార్డీది. ఆ ఏడు కొత్త కార్మిక ప్రాతినిధ్య కమిటీ తరఫున దేశం మొత్తంలో గెలిచింది ఇద్దరే, అందులో ఈయనొకడు.

ఇక్కడొక మెలిక ఉంది. 1900, 1906, 1910లో రెండుసార్లు, మొత్తం నాలుగు ఎన్నికల్లో హార్డీ గెలిచాడు. నాలుగుసార్లూ రెండో స్థానమే. ఒకే సీటుంటే నాలుగుసార్లూ ఓడేవాడు! జనం మొదటి ఓటు అలవాటైన పెద్దమనిషికేసి, రెండోది తమవాడికేశారు. నియోజకవర్గం గీత ఎలా గీశారు, ఓటు ఎన్ని చేతులకిచ్చారు అన్నదాన్నిబట్టి గెలుపోటములు మారతాయి. మన దగ్గరా 1952, 1957లో రెండు సీట్ల నియోజకవర్గాలుండేవి. 1957లో పార్వతీపురంలో వి.వి. గిరి ఓడి, గిరిజనుడైన డిప్పల సూరి దొర జనరల్ సీటుకే గెలిచాడు. కోర్టుకు పోతే 1959లో సుప్రీంకోర్టు ఆ గెలుపు చెల్లుతుందంది. 1961లో చట్టం చేసి రెండు సీట్ల పద్ధతే తీసేశారు.

హార్డీ 1907లో మన దేశం వచ్చి తిరిగాడు. వెళ్లి ఇక్కడి పాలన గురించి 1909లో పుస్తకం అచ్చేశాడు. ఇంకో సంగతి. 1911దాకా ఆ పార్లమెంటు సభ్యులకు జీతమే లేదు. ఆ ఏడు సంవత్సరానికి 400 పౌన్లిచ్చారు. అంతవరకు కూలివాడు గెలిచినా తినేదేమిటి? సంఘం చందాలు, పత్రికల్లో రాతకూలి.

ఇంత కష్టపడి తెచ్చుకున్న సీటు నిలిచిందా? 1914లో యుద్ధం వద్దన్నందుకు అబర్‌డేర్‌లో హార్డీ సభను సొంత జనమే చెడగొట్టారు. 1915లో ఆయన చనిపోయాడు. ఉపఎన్నికలో లేబర్ అభ్యర్థి విన్‌స్టన్‌కు 6,080 వస్తే, యుద్ధం యుద్ధమని అరిచిన స్టాంటన్‌కు 10,286 వచ్చాయి. స్టాంటన్ కూడా గని కార్మికుల నాయకుడే. మనవాడైతే చాలదు, మన మాట పట్టుకున్నవాడై ఉండాలి.

1918లో ఆ నియోజకవర్గాన్ని మెర్థిర్, అబర్‌డేర్ అని రెండు ముక్కలు చేశారు. అప్పుడే ముప్పై దాటిన స్త్రీలకు, అదీ కొందరికే, ఓటొచ్చింది. మగవాళ్లతో సమానంగా రావటానికి 1928 అయింది. 1922లో రెండు సీట్లూ లేబర్‌వే.

1934 నుంచి మెర్థిర్ సభ్యుడు ఎస్.ఒ. డేవిస్, గని కార్మికుడు. ఆయన నియోజకవర్గంలోనే 1966 అక్టోబరు 21న అబర్‌వాన్‌లో బొగ్గు చెత్త గుట్ట జారి బడి మీద పడింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు చనిపోయారు. మేము బడిపంతుళ్లం, ఈ అంకె నోటితో చెప్పటం మాకు కష్టంగా ఉంది. తప్పు బొగ్గు బోర్డుదని విచారణ తేల్చింది. అయినా మిగిలిన గుట్టలు తియ్యటానికి బాధితుల సహాయ నిధిలోంచే లక్షన్నర పౌన్లు లాక్కున్నారు. అప్పుడున్నది లేబర్ ప్రభుత్వమే! ఆ డబ్బు తిరిగిచ్చింది 1997లో.

1970లో ముసలివాడయ్యాడని పార్టీ డేవిస్‌కు టికెట్టివ్వలేదు. ఎనభై దాటిన మనిషి స్వతంత్రంగా నిలబడ్డాడు. పార్టీ అభ్యర్థి మీద 7,467 ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు. జెండా కన్నా మనిషిని చూసి వేశారు జనం. 1972లో ఆయన పోయాడు. 1983లో ఆ నియోజకవర్గం పేరు కూడా పటంలోంచి పోయింది, పక్కదాంతో కలిపేశారు.

ఈ లెక్కంతా విన్నాక మూడు పనులు మీ ముందు పెడుతున్నాం. గీతలు మార్చేటప్పుడు పిలిచే అభ్యంతరాలకు సంఘం తరఫున కాగితం పెట్టండి. వాడలో ప్రతి పేరూ జాబితాలో ఉందో లేదో ఇంటింటికీ పోయి చూడండి. "మీ తరఫున మేం మాట్లాడతాం" అని వచ్చే పెద్దమనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఒక్క ప్రశ్న అడగండి: అయ్యా, మా మనిషి మాట్లాడితే మీకేం ఇబ్బంది?